స్టీరింగ్‌ దానంతటదే తిరుగుతుంది.. మరి కేసు ఎవరి మీద? లగ్జరీ ఈవీల్లో ‘సెల్ఫ్‌ డ్రైవింగ్‌’ ఫీచర్ల సంగతేంటి?

పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో తొలి సెల్టోస్‌ కార్లు బయటికి వచ్చినప్పుడు పెద్ద టచ్‌స్క్రీన్‌, కనెక్టెడ్‌ ఫీచర్ల గురించే అందరూ మాట్లాడుకున్నారు. 2023లో వచ్చిన కొత్త సెల్టోస్‌ నుంచి ఆ మాటలు మారాయి. ముందు వెళ్తున్న వాహనాన్ని చూసి వేగం తగ్గించుకునే, గీత దాటబోతే స్టీరింగ్‌ను వెనక్కి లాగే కారు మన జిల్లాలోనే తయారవడం మొదలైంది. 2025 జులైలో అదే ఫ్యాక్టరీ నుంచి కారెన్స్‌ క్లావిస్‌ ఈవీ వచ్చింది. విడుదలప్పుడు ధర రూ.17.99 లక్షల నుంచి మొదలైంది. పైస్థాయి వేరియంట్లలో ఈ ఫీచర్లు ఉన్నాయి. దిగుమతి చేసుకుని అమ్మే ఈవీ6 (2025 మోడల్‌ విడుదల ధర రూ.65.90 లక్షలు), ఈవీ9 (విడుదల ధర రూ.1.30 కోట్లు) కార్లలో ఇంకా ఎక్కువే ఉన్నాయి.

బెంగళూరు నుంచి పుట్టపర్తికి, కదిరి నరసింహస్వామి దర్శనానికి వచ్చే ఖరీదైన ఎలక్ట్రిక్‌ కార్లు మన రోడ్లపై ఇప్పుడు వింతేమీ కాదు. ముదిగుబ్బ జంక్షన్‌లో కాసేపు నిలబడితే రెండు మూడైనా కనిపిస్తాయి. వాటి యజమానులు చాలామంది ‘మా కారు సెల్ఫ్‌ డ్రైవింగ్‌’ అని గర్వంగా చెబుతారు. ఆ మాటలో నిజం ఎంత? మన రోడ్ల మీద దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? ప్రమాదం జరిగితే చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. భారత్‌లో ఇప్పుడు అమ్ముతున్న ఏ కారూ తనంతట తాను నడిచేది కాదు. కోటి రూపాయలది అయినా సరే.

లెవల్‌ 2 అంటే ఏంటి?

కారు ఎంతవరకు తనంతట తాను నడవగలదో చెప్పడానికి అమెరికాలోని ఎస్‌ఏఈ ఇంటర్నేషనల్‌ సంస్థ 0 నుంచి 5 వరకు స్థాయిలు పెట్టింది. ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. సున్నా అంటే అన్నీ మనమే చేయాలి, కారు మహా అయితే హెచ్చరిస్తుంది. లెవల్‌ 1లో వేగమో, స్టీరింగో ఏదో ఒకదానిలో సాయం చేస్తుంది. లెవల్‌ 2లో రెండూ కలిపి చేస్తుంది. కానీ రోడ్డును గమనించే పని పూర్తిగా డ్రైవర్‌దే. లెవల్‌ 3లో నిర్ణీత పరిస్థితుల్లో కారే చూసుకుంటుంది, అడిగినప్పుడు మాత్రం మనం పగ్గాలు అందుకోవాలి. లెవల్‌ 4లో నిర్ణీత ప్రాంతంలో డ్రైవరే అక్కర్లేదు. అమెరికాలోని ఫీనిక్స్‌, శాన్‌ఫ్రాన్సిస్కోలలో తిరిగే వేమో ట్యాక్సీలు అలాంటివే. ఎక్కడైనా, ఏ వాతావరణంలోనైనా నడిచే లెవల్‌ 5 కారు ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు.

మన దగ్గర ఈవీ6, ఈవీ9, హ్యుందాయ్‌ అయోనిక్‌ 5, మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ, టాటా హారియర్‌ ఈవీ.. ఇలా ఏది తీసుకున్నా లెవల్‌ 2 చుట్టుపక్కలే. కొన్ని కంపెనీలు ‘లెవల్‌ 2 ప్లస్‌’ అంటాయి. ఎస్‌ఏఈ జాబితాలో అలాంటి స్థాయి లేదు. అది షోరూం మాట.

ఈ ఫీచర్లన్నిటినీ కలిపి అడాస్‌ అంటున్నారు. అడ్వాన్స్‌డ్‌ డ్రైవర్‌ అసిస్టెన్స్‌ సిస్టమ్స్‌కు పొట్టి పేరు. అందులో ఉన్న ‘అసిస్టెన్స్‌’ అన్న మాట చాలామందికి వినపడదు.

టెస్లా తన ఆప్షన్‌కు ‘ఫుల్‌ సెల్ఫ్‌ డ్రైవింగ్‌’ అనే పేరు పెట్టింది. 2025 జులైలో ముంబయిలో షోరూం తెరిచి మోడల్‌ వై కారును రూ.59.89 లక్షల నుంచి అమ్మకానికి పెట్టినప్పుడు ఈ ఆప్షన్‌కు అదనంగా రూ.6 లక్షలు ధర చెప్పింది. డ్రైవర్‌ నిరంతరం గమనిస్తూనే ఉండాలని ఆ కంపెనీయే చెబుతుంది. పేరులో ‘ఫుల్‌’, కింద చిన్న అక్షరాల్లో షరతులు. ఇలాంటి పేర్ల మీద చైనా ప్రభుత్వం గట్టిగానే స్పందించింది. 2025 మార్చిలో అన్‌హుయ్‌ రాష్ట్రంలో షావోమీ ఎస్‌యూ7 ఎలక్ట్రిక్‌ కారు ఎక్స్‌ప్రెస్‌వేపై డ్రైవర్‌ సాయ వ్యవస్థతో వెళ్తూ, మరమ్మతులు జరుగుతున్న చోట సిమెంటు దిమ్మెను ఢీకొంది. ముగ్గురు చనిపోయారు. అడ్డంకి ఉందని హెచ్చరించి డ్రైవర్‌కు పగ్గాలు అప్పగించిన కొన్ని సెకన్లకే ఢీకొట్టింది. మరుసటి నెలలోనే ప్రకటనల్లో ‘అటానమస్‌ డ్రైవింగ్‌’ లాంటి మాటలు వాడొద్దని అక్కడి అధికారులు కార్ల కంపెనీలకు చెప్పేశారు. మన దగ్గరా అలాంటి ఆదేశం ఒకటి వస్తే మంచిదే.

కారు రోడ్డును ఎలా చూస్తుంది?

ముందు అద్దం పైన, లోపలి మిర్రర్‌ వెనక ఒక కెమెరా ఉంటుంది. బంపర్‌లోనో, గ్రిల్‌ వెనకో రాడార్‌ ఉంటుంది. వెనక బంపర్‌ మూలల్లో మరో రెండు. గీతలు, మనుషులు, బోర్డులను కెమెరా గుర్తిస్తుంది. ముందున్న వాహనం ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వెళ్తోందన్నది రాడార్‌ చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి కంప్యూటర్‌ నిర్ణయం తీసుకుంటుంది.

ఎలక్ట్రిక్‌ కార్లకూ ఈ ఫీచర్లకూ బాగా కుదురుతుంది. మోటారుకు కంప్యూటర్‌ చెప్పిన మాట క్షణంలో అందుతుంది. గేర్లు మార్చే గొడవ లేదు. వేగం తగ్గించేటప్పుడు బ్రేకు నొక్కకుండానే మోటారు వెనక్కి కరెంటు తయారు చేసి బ్యాటరీకి పంపుతుంది. ముందు వాహనం దూరాన్ని రాడార్‌తో చూసి ఆ రీజనరేషన్‌ను తనంతట తానే పెంచి తగ్గించే ఏర్పాటు ఈవీ6 లాంటి కార్లలో ఉంది. ట్రాఫిక్‌లో ప్రయాణం కుదుపుల్లేకుండా సాగుతుంది, కాస్త చార్జింగూ మిగులుతుంది.

నిజంగా పనికొచ్చేది ఏది?

అన్నిటిలోకీ విలువైనది ఎవరూ పెద్దగా చెప్పుకోని ఆటోమేటిక్‌ ఎమర్జెన్సీ బ్రేకింగ్‌. ముందు వాహనం ఒక్కసారిగా ఆగినప్పుడు మనం తొక్కకపోయినా బ్రేకు వేస్తుంది. ముందున్న వాహనాన్ని వెనక నుంచి గుద్దే ప్రమాదాలు దీనివల్ల దాదాపు సగం తగ్గాయని అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే ఐఐహెచ్‌ఎస్‌ సంస్థ లెక్కతేల్చింది. వెనక నుంచి వచ్చే వాహనాన్ని చూసి మిర్రర్‌లో లైటు వెలిగించే బ్లైండ్‌ స్పాట్‌ హెచ్చరిక కూడా ఎన్‌హెచ్‌-44 లాంటి రోడ్డు మీద బాగా ఉపయోగం. ఎడమ పక్క నుంచి దూసుకొచ్చే బైకులు మనకు కొత్త కాదు కదా.

అదే ఐఐహెచ్‌ఎస్‌ 2024లో స్టీరింగ్‌, వేగం రెండూ కలిపి చూసుకునే 14 వ్యవస్థలను పరీక్షించింది. డ్రైవర్‌ ఏమరుపాటును పసిగట్టే రక్షణలు ఎలా ఉన్నాయో చూసి మార్కులు వేసింది. 11 వ్యవస్థలకు ‘పూర్‌’ వచ్చింది. ఒక్కటి మాత్రమే ‘యాక్సెప్టబుల్‌’ అనిపించుకుంది. ఇలాంటి పాక్షిక ఆటోమేషన్‌ ప్రమాదాలను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారాలేమీ కనిపించలేదనీ చెప్పింది. అంటే ప్రాణం కాపాడేది బ్రేకు. స్టీరింగ్‌ తిప్పేది సౌకర్యం. షోరూంలో రెండింటినీ ఒకే గాటన కట్టి అమ్ముతారు.

ఎన్‌హెచ్‌-42 మీద ఏమవుతుంది?

అనంతపురం నుంచి ముదిగుబ్బ, కదిరి, మదనపల్లె మీదుగా తమిళనాడులోని కృష్ణగిరి వైపు వెళ్లేది ఎన్‌హెచ్‌-42. ముదిగుబ్బలోనే మొదలై పుట్టపర్తి మీదుగా కోడికొండ చెక్‌పోస్టు వైపు వెళ్లేది ఎన్‌హెచ్‌-342. బెంగళూరు నుంచి కోడికొండ దాకా ఎన్‌హెచ్‌-44 మీద డివైడర్‌, గీతలు, కంచెలు ఉంటాయి. కారు తడబడదు. అక్కడి నుంచి పల్లెల మధ్యగా సాగే దారిలోకి తిరిగాకే దానికి పరీక్ష.

మొదటి ఇబ్బంది గీతలు. లేన్‌ను పట్టి ఉంచే ఫీచర్‌కు తెల్ల గీతలే ఆధారం. కొత్తగా తారు వేసి ఇంకా గీతలు వేయని చోట, మట్టి కప్పేసిన చోట, వానకు తడిసి మెరిసే చోట దానికి దారి కనిపించదు. అప్పుడు పెద్దగా అరవదు. డ్యాష్‌బోర్డులో పచ్చగా వెలుగుతున్న స్టీరింగ్‌ గుర్తు బూడిద రంగులోకి మారుతుంది, అంతే. మీరు పక్కవారితో మాట్లాడుతూ ఆ రంగు మారడం గమనించకపోతే మలుపులో కారును తిప్పేవారు ఎవరూ లేనట్టే.

రెండోది మనం గుంతలను తప్పించే తీరు. ఇండికేటర్‌ వేయకుండా గుంత పక్కగా కారును లాగితే, గీత దాటుతున్నామనుకుని అది స్టీరింగ్‌ను వెనక్కి తిప్పుతుంది. తిప్పే బలం తక్కువే, మనం గట్టిగా పట్టుకుంటే లొంగుతుంది. కానీ అలవాటు లేనివారు ఉలిక్కిపడతారు. ఎదురుగా లారీ వస్తుంటే ఆ ఒక్క క్షణమే చాలు.

మూడోది పంట. కోతల కాలంలో ఉలవ, కంది, రాగి కంకులను రోడ్డు మీద పరచడం ఈ ప్రాంతంలో మామూలే. వాహనాల చక్రాల కింద నలిగి గింజ రాలుతుంది. కళ్లాల్లేని రైతుకు వేరే దారి లేదు. ఆ పరిచిన పంట గీతను మూసేస్తుంది. వాహనాలు పక్కకు తప్పుకోవాలని అంచున రాళ్లు పెడతారు. అడుగు ఎత్తు కూడా లేని రాయిని రాడార్‌ పట్టుకుంటుందన్న హామీ ఏ కంపెనీ ఇవ్వదు. ఓనర్‌ మాన్యువల్‌ తెరిచి చూడండి. చిన్న వస్తువులను, జంతువులను గుర్తించకపోవచ్చని రాసే ఉంటుంది. సాయంత్రం ఇంటికి మళ్లే గొర్రెల మంద సంగతి ఇక చెప్పేదేముంది? కెమెరాకు నేర్పిన బొమ్మల్లో కార్లు, మనుషులు, సైకిళ్లు ఉంటాయి. దుమ్ములో కలిసిపోయే మంద దానికి ఏమని కనిపిస్తుందో చెప్పలేం.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆగి ఉన్న లారీ. ఇది కొంచెం వివరంగా తెలుసుకోవాలి. రాడార్‌కు కదిలే వస్తువులు బాగా తెలుస్తాయి. కదలనివి రోడ్డు మీద లెక్కలేనన్ని ఉంటాయి. సైన్‌ బోర్డు, వంతెన, రెయిలింగ్‌, మైలురాయి. ప్రతిదానికీ బ్రేకు వేస్తే కారు నడవదు. అందుకే వేగంగా వెళ్తున్నప్పుడు కదలని వస్తువుల నుంచి వచ్చే సంకేతాల్లో చాలావాటిని వ్యవస్థ వదిలేస్తుంది. కెమెరా కూడా ‘అవును, అది వాహనమే’ అని నిర్ధారిస్తేనే గట్టిగా స్పందిస్తుంది. రాత్రివేళ వెనక లైట్లు, రిఫ్లెక్టర్లు లేకుండా రోడ్డు మీదే ఆపేసిన లారీ, చెరకు లోడుతో నిలిచిన ట్రాక్టర్‌ ట్రాలీ కెమెరాకు చీకట్లో చీకటిగానే కనిపిస్తాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 28 మీటర్లు వెళ్తాం. గుర్తించడం రెండు సెకన్లు ఆలస్యమైతే 56 మీటర్లు పోయినట్టే.

సాయంత్రం కదిరి నుంచి అనంతపురం వైపు వెళ్లేవారికి ఇంకొకటి. వేసవిలో సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు. కళ్లు చికిలించుకుని చూసే మనలాగే కెమెరాకూ ఆ వెలుగు ఇబ్బందే.

మరో విషయం క్రూయిజ్‌ వేగం. 90 మీద పెట్టి నిదానంగా వెళ్తున్న లారీ వెనక 50లో ఉన్నారనుకోండి. లారీ పక్కకు తిరగగానే మీ కారు మళ్లీ 90కి పరుగెత్తుతుంది. ఎలక్ట్రిక్‌ కారు కాబట్టి చప్పుడు లేకుండా, క్షణాల్లో. ఎదురుగా ఊరు మొదలవుతోందన్నది దానికి పట్టదు. మన రోడ్లలో లారీ పక్కకు తిరిగేది చాలాసార్లు ఊరు దగ్గరే.

అనవసరంగా బ్రేకు వేయడమూ ఉంది. ముందు ఖాళీ వదిలితే అందులోకి ఆటోనో, బైకో దూరుతుంది. కారు ఉలిక్కిపడి బ్రేకేస్తుంది. వెనక వచ్చే లారీకి అడాస్‌ ఉండదు కదా. దీంతో విసిగి చాలామంది మొత్తం వ్యవస్థనే ఆపేస్తుంటారు. ఆపాలనుకుంటే లేన్‌ సాయాన్ని, క్రూయిజ్‌ను ఆపండి. ఎమర్జెన్సీ బ్రేకును మాత్రం ఆపకండి. మెనూలో ఇవి వేర్వేరుగానే ఉంటాయి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులు, 19.5 శాతం పాదచారులు. అంటే చనిపోతున్నవారిలో ఎక్కువమంది ఈ వ్యవస్థలు గుర్తించడానికి ఇబ్బంది పడేవారే. 2018 మార్చిలో అమెరికాలోని టెంపేలో ఉబర్‌ పరీక్షిస్తున్న సెల్ఫ్‌ డ్రైవింగ్‌ కారు, సైకిల్‌ నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టి చంపింది. జీబ్రా క్రాసింగ్‌ లేని చోట మనిషి రోడ్డు దాటొచ్చన్న ఆలోచనే ఆ సాఫ్ట్‌వేర్‌కు లేదని అక్కడి దర్యాప్తు సంస్థ తేల్చింది. మన దగ్గర క్రాసింగ్‌ ఉన్న చోట దాటేవారు ఎందరో మీకే తెలుసు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది, 2019లో సవరించారు. అందులో డ్రైవర్‌ అంటే మనిషే. లెవల్‌ 3 కార్లకు అనుమతినిచ్చే నిబంధనలు మనకు లేవు. జర్మనీలో మెర్సిడెస్‌ ఈక్యూఎస్‌ కారులో లెవల్‌ 3 వ్యవస్థ 2022లోనే అమ్మకానికి వచ్చింది. అదే ఈక్యూఎస్‌ మన దగ్గర లెవల్‌ 2 ఫీచర్లతోనే దొరుకుతుంది. డ్రైవర్లు లేని కార్లను దేశంలోకి రానివ్వబోమని కేంద్ర మంత్రి నితిన్‌ గడ్కరీ 2023 డిసెంబరులో చెప్పారు. డ్రైవర్ల ఉపాధి పోతుందన్నది ఆయన చెప్పిన కారణం.

కాబట్టి కారు స్టీరింగ్‌ తిప్పుతున్నప్పుడు ప్రమాదం జరిగినా కేసు సీట్లో ఉన్నవారి మీదే. ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 184, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్‌ 106. ఈ రెండో దానిలో ఐదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ‘ఆటో మోడ్‌లో ఉంది సార్‌’ అంటే మీరు రోడ్డు చూడటం లేదని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

మరి ఫీచరే సరిగా పనిచేయకపోతే? దానికి వేరే దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు వల్ల నష్టం జరిగితే తయారీదారు పరిహారం చెల్లించాలనే అధ్యాయం ఉంది. కారుకు చెల్లించిన ధర రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో, రూ.50 లక్షలు దాటి రూ.2 కోట్ల వరకైతే రాష్ట్ర కమిషన్‌లో ఫిర్యాదు చేయాలి. క్లావిస్‌ ఈవీ యజమాని జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు. ఈవీ6 యజమాని మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్‌ చేస్తే దారి చెబుతారు. ఒకే లోపం చాలా కార్లలో ఉంటే వెనక్కి పిలిపించే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 110ఏ కింద కేంద్రానికి ఉంది.

కంపెనీల బాధ్యత విదేశీ కోర్టుల్లో ఇప్పుడిప్పుడే తేలుతోంది. 2019లో ఫ్లోరిడాలో ఆటోపైలట్‌ మోడ్‌లో ఉన్న టెస్లా కారు ఢీకొని ఒక యువతి చనిపోయిన కేసులో, 2025 ఆగస్టులో మయామీ జ్యూరీ టెస్లాకూ పాక్షిక బాధ్యత ఉందని తేల్చి 24 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలంది. తప్పులో ఎక్కువ వాటా మాత్రం డ్రైవర్‌దేనని చెప్పింది. కింద పడిన ఫోన్‌ కోసం అతను వంగిన సమయంలో ఆ ప్రమాదం జరిగింది.

గీతలు, బోర్డులు లేని రోడ్డు మాటేమిటి? రోడ్డు డిజైన్‌, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల ప్రాణనష్టం జరిగితే సంబంధిత అధికారి, కాంట్రాక్టర్‌లకు రూ.లక్ష వరకు జరిమానా వేయొచ్చని సెక్షన్‌ 198ఏ చెబుతోంది. జాతీయ రహదారి మీద ఆగిన లారీ, గుంత, చెరిగిన గీత కనిపిస్తే 1033కు ఫోన్‌ చేయండి.

కొనేముందు, కొన్నాక

టెస్ట్‌ డ్రైవ్‌ షోరూం ముందున్న నాలుగు వరుసల రోడ్డు మీద కాకుండా మీరు రోజూ తిరిగే దారిలో అడగండి. అడాస్‌ ఉన్న వేరియంట్‌కూ లేనిదానికీ ధర తేడా రాయించుకోండి. ఎక్కువగా ఊళ్ల మధ్యే తిరిగేవారైతే ఆ డబ్బుతో ఆరు ఎయిర్‌బ్యాగులు, మంచి టైర్లు ఉన్నాయో లేదో ముందు చూసుకోవడం మేలు.

ముందు అద్దం పగిలి మార్పించితే కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్‌ చేయాలి. దిశ కొద్దిగా తేడా వచ్చినా వంద మీటర్ల దూరంలో ఉన్న వాహనం పక్క లేన్‌లో ఉన్నట్టు లెక్కేస్తుంది. రోడ్డు పక్క అద్దాల షాపులో మార్పిస్తే ఆ పరికరాలు ఉన్నాయో లేదో అడగండి. బీమా క్లెయిమ్‌లో ఆ ఖర్చు వస్తుందో లేదో కూడా ముందే తెలుసుకోండి. బంపర్‌కు దెబ్బ తగిలి డెంటింగ్‌, పెయింటింగ్‌ చేయించినప్పుడు రాడార్‌కూ ఇదే జాగ్రత్త. ముందు ఇనుప గార్డు బిగిస్తే రాడార్‌కు అడ్డం. పైగా క్రాష్‌ గార్డులు సెక్షన్‌ 52కు విరుద్ధమని కేంద్రం 2017లోనే చెప్పింది. ఆయుధపూజ రోజు పసుపు కుంకుమ బొట్లు అద్దం మీద ఎక్కడైనా పెట్టుకోండి, మిర్రర్‌ వెనకున్న ఆ కెమెరా ముందు తప్ప.

స్టీరింగ్‌కు నీళ్ల సీసానో, బరువో కట్టి ‘చేతులు ఉన్నాయి’ అని కారును నమ్మించే వీడియోలు సోషల్‌ మీడియాలో తిరుగుతున్నాయి. ప్రమాదం తర్వాత కారులోని రికార్డులు తీస్తే ఏ ఫీచర్‌ ఎప్పుడు ఆన్‌లో ఉందో, బ్రేకు ఎవరు వేశారో చాలా కార్లలో బయటపడుతుంది. సెకండ్‌ హ్యాండ్‌లో కొంటున్నవారు అద్దం ఎప్పుడైనా మార్చారా, బంపర్‌ రిపేరు అయిందా అని సర్వీస్‌ హిస్టరీ అడిగి, అధీకృత సర్వీస్‌ సెంటర్‌లో ఒకసారి అడాస్‌ తనిఖీ చేయించాకే అడ్వాన్స్‌ ఇవ్వండి.